మిషన్ తప్పుకు నా సంతకం

"సంతకమే గదా, పెట్టి పారెయ్" అన్నాడు నా భర్త జయపాల్, నేను జొన్నరొట్టె కొడుతుంటే. సాక్సులు ఎక్కడున్నాయని అడిగే గొంతుతోనే అన్నాడు.

ఆ కాగితం ట్రస్టు వాళ్లు టైపు చేయించి పంపారు. 'నేను వివరాలు తప్పుగా నమోదు చేయడం వల్లే' అని మొదలవుతుంది. నేను తప్పుగా నమోదు చేయలేదు. అమరచింతలో వాళ్ల క్లినిక్కులో పదకొండేళ్లుగా నర్సును. ఎనిమిదో నెల గర్భిణి ఈరమ్మ ఆ రోజు వచ్చినప్పుడు బీపీ పైది నూటయాభై, కిందిది వంద. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. అదంతా రిజిస్టరులో రాసి, ట్యాబులోనూ ఉన్నదున్నట్టు కొట్టాను. అందులోని ఏఐ 'ప్రమాదం లేదు, నెల తర్వాత రావాలి' అని చూపించింది. మనసొప్పక ట్రస్టు మేనేజర్ భానుప్రకాశ్‌కు ఫోన్ చేశాను.

"లక్షలమందిని చూసిన మిషన్ కన్న నీకెక్కువ తెల్సా సిస్టర్? ఇంటికి పంపు."

సరే అన్నాను. పంపాను. నాలుగో రోజు ఈరమ్మకు ఫిట్స్ వచ్చాయి. ఆమె బతికింది, బిడ్డ దక్కలేదు.

ఇప్పుడు ఆ ఏఐని తయారుచేసిన కంపెనీ, అది సలహా మాత్రమే, నిర్ణయం వాడినవాళ్లదే అంటోంది. వాడింది నర్సే అంటోంది ట్రస్టు. మిషన్ చెప్పేటప్పుడు నాకేమీ తెలియదు. అది చెప్పింది తప్పని తేలాక మాత్రం అన్నీ తెలిసి ఉండాల్సింది నేనే! ఇంట్లో మాత్రం వేరేనా? ఆయన తెచ్చిన మిక్సీ కాలిపోతే నాకు వాడరాదన్నాడు. పిల్లకు మార్కులు తగ్గితే అత్తమ్మ నా డ్యూటీని తిట్టింది. గొడవెందుకని ప్రతిసారీ సరే అన్నాను. అలా అలవాటైన 'సరే'నే ఆ రోజు ఫోనులో కూడా అన్నాను.

"నేను పెట్ట" అన్నాను.

"నౌకరి పోతే ఏం జేస్తవ్? న్యాయమంత నీ ఒక్కదానికే పట్టిందా?"

స్టవ్ ఆపేశాను. "మిగిలిన రొట్టెలు నువ్వు కొట్టుకో" అని చెప్పి ఈరమ్మ ఇంటికి నడిచాను.

వనపర్తి వకీలు రాసిచ్చిన ఫిర్యాదు చూపించింది ఈరమ్మ. అందులో కంపెనీ ఉంది, ట్రస్టు ఉంది, భానుప్రకాశ్ ఉన్నాడు. నేను లేను.

"నువ్వు మంచిదానివి సిస్టరమ్మా. నిన్నెందుకు ఇరికిస్త?" అంది.

ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. ఆ రోజు రిజిస్టరులో నా చేత్తో రాసిన బీపీ లెక్క జిరాక్సు ఆమె చేతిలో పెట్టాను.

"మిషన్ తప్పు నా మీదేసుకోను, ఈరమ్మా. కానీ నా కండ్లు చూసినదాన్ని పక్కకు వెట్టి నిన్ను ఇంటికి తోలింది నేనే. గా తప్పు నాది. నాలుగో పేరు నాదే రాయించు."