అవతలి గట్టు వదిన

జిల్లా పటంలో చూస్తే ఆ రెండు కొండ గూడేలూ ఒకదానికొకటి అంటుకున్నట్టే ఉంటాయి. మధ్యలో సన్నటి నీలం గీత, అంతే. నిజానికి ఆ గీత నిట్టనిలువునా కోసుకుపోయిన రాతి లోయ. అడుగున ఏరు ఏడాది పొడుగునా రొద పెడుతూ పారుతుంది. ఇవతల నిలబడితే అవతల ఎవరి పొయ్యి వెలిగిందో పొగను బట్టి చెప్పొచ్చు గానీ మొహాలు ఆనవు. ఆ పొయ్యిలోంచి పిడికెడు నిప్పు తెచ్చుకోవాలంటే మాత్రం కొండ దిగి, అడవి దాటి, తారు రోడ్డెక్కి, పట్నం చుట్టి, మళ్ళీ ఇంకో కొండ ఎక్కాలి. పొద్దున బయలుదేరినవాడు మర్నాటికి చేరితే గొప్ప.

అందుకే ఇవతలివాళ్ళకి బాకా పిన్ని ఉండేది. ఆమె అసలు పేరు మొగుడికైనా గుర్తుందో లేదో! లోయ అంచున బండ మీద నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి కేకేసిందంటే ఏటి రొద కూడా పక్కకి తప్పుకోవాల్సిందే. పురిటి కబురైనా, చావు కబురైనా, మేక తప్పిపోయినా, అన్నీ ఆ గొంతు మీదే. ఒకసారి పెళ్ళి సంబంధం కూడా అలాగే కుదిరింది. పిల్లాడికి కోపం ఎక్కువటగా అని ఆడపెళ్ళివాళ్ళు గుట్టుగా వాకబు చేయించారు, రెండు గూడేలూ చెవులు రిక్కించి వింటుండగా!

అవతల నుంచి బదులిచ్చే గొంతు కూడా ఒక ఆడమనిషిదే. బొంగురు గొంతు, రాయి దొర్లినట్టు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఒకరినొకరు "వదినోయ్" అని పిలుచుకున్నారు. మొహం మాత్రం చూసుకోలేదు. ఆ గొంతును బట్టి పిన్ని ఒక బొమ్మ కట్టుకుంది. మనిషి గుమ్మం పట్టనంత ఉంటుంది, నవ్వితే పొట్ట ఊగుతుంది, అని.

ఆ ఏడు లోయ మీద తీగల వంతెన కట్టడానికి పనివాళ్ళు దిగారు. పిన్ని వాళ్ళకి వంట చేసిపెట్టే పనికి కుదిరింది. వంటకంటే వంతెన మీదే ధ్యాస. గరిటె పట్టుకునే వెళ్ళి, "ఇంకెన్నాళ్ళు బాబూ?" అని ఇంజనీరు ప్రాణం తీసేది.

ఆఖరి ఇనుప తాడు లాగుతున్న రోజు ఈదురుగాలి లేచింది. ఇంజనీరు చేతిలో వాకీటాకీ ఉన్నట్టుండి మూగబోయింది. సరిగ్గా అప్పుడే తాడు రాతి కొనకి తగులుకుంది. అవతలివాళ్ళకి ఆ సంగతి తెలియక ఇంకా లాగుతున్నారు. తాడు కిర్రుమంటోంది.

"ఆపండి! ఆపండి!" అని ఇంజనీరు చేతులు ఊపాడు. త్వరగా లాగమంటున్నాడనుకుని వాళ్ళు ఇంకా బలంగా లాగారు.

పిన్ని పొయ్యి దగ్గర నుంచి ఒక్క పరుగున బండెక్కింది.

"వదినోయ్! లాగొద్దనూ! తాడు తెగుద్దీ!"

ఆ మాట లోయ దాటిందో లేదో, అవతల బొంగురు గొంతు విరుచుకుపడింది. "ఆగండిరా! చెవుల్లో సీసం పోసుకున్నారా!"

లాగేవాళ్ళు బొమ్మల్లా నిలబడిపోయారు. ఆ తరువాత పొద్దు వాలేదాకా పని వాళ్ళిద్దరి నోటి మీదే నడిచింది. "మూరెడు వదలమనూ!" "వదిలారూ!" "ఇప్పుడు లాగమనూ!" తాడు చోటులో కూర్చోగానే రెండు గట్లూ ఈలలతో దద్దరిల్లాయి.

"పిన్నీ, నువ్వు లేకపోతే నా ఉద్యోగం ఏట్లో కలిసేది," అన్నాడు ఇంజనీరు, చెమట తుడుచుకుంటూ.

"ఉద్యోగం సరే బాబూ, కూర మాడిపోయింది. ఈ పూట ఉత్త అన్నమే!"

వంతెన తెరిచే రోజు వచ్చింది. పిన్ని తెల్లవారకముందే లేచి, దువ్విన తలే మళ్ళీ దువ్వింది. ఇవతలి చివర రిబ్బను కట్టారు. గూడెమంతా ఉతికిన బట్టలు కట్టుకుని నిలబడింది. రిబ్బను కత్తిరించాల్సిన పెద్దాఫీసరు జాడ మాత్రం లేదు.

"వదినోయ్! ఇంకెంతసేపూ?" అని అవతల నుంచి బొంగురు గొంతు అడిగింది.

"ఆఫీసరుగారి జీపు బురదలో దిగబడిందటా!"

ఆ గొంతు మళ్ళీ లేచింది. "రిబ్బను మీ వైపే కదా! మా వైపు ఏమీ లేదూ! వచ్చేస్తున్నాం!"

నిజంగానే అవతలి జనం వంతెన మీదికి ఎక్కేశారు. పిన్ని ఇంజనీరు వైపు చూసింది. అతను చటుక్కున వంగి బూటు తాడు విప్పి, మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. పిన్ని రిబ్బను కింద నుంచి దూరింది. వెనకాలే ఊరు ఊరంతా దూరింది.

పలకలు ఊయలలా ఊగుతున్నాయి. కాళ్ళ కింద ఏరు నురగలు కక్కుతోంది. కిందికి చూస్తే ఒట్టు! ఎదురుగా జనం ముందు భారీ మనిషి ఒకావిడ వస్తోంది. పిన్ని అనుకున్నట్టే, గుమ్మం పట్టని మనిషి!

"వదినా!" అంటూ ఉరికి ఆవిణ్ణి రెండు చేతులా వాటేసుకుంది.

"నేను కాదండీ," అంది ఆవిడ పిల్లిపిల్ల గొంతుతో. "మా అత్త. వెనకాల వస్తోంది."

ఆవిడ పక్కకి తప్పుకుంది. వెనక చీపురుపుల్లలాంటి ముసలమ్మ. పిన్ని భుజం దాకా కూడా రాదు.

ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని చూసుకున్నారు.

"వదినోయ్, నువ్వేనా!" అని అరిచింది పిన్ని.

"నేనేనోయ్! ఇంత కుర్రదానివా నువ్వు!" అని అంతకు రెట్టింపు అరిచింది ముసలమ్మ.

జానెడు దూరంలో నిలబడి, లోయకి అటూ ఇటూ ఉన్నట్టే గొంతు చించుకుంటున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు చెవులు మూసుకుని పడీ పడీ నవ్వారు. మెల్లిగా మాట్లాడదామని పిన్ని ఒకసారి ప్రయత్నించింది గానీ, వదినకి వినబడదేమోనని మళ్ళీ గొంతు దానంతటదే లేచింది.

ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తన గట్టుకి లాక్కుపోయింది. అక్కడ నిలబడి పిన్ని వెనక్కి తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక తన కొండని ఎదురుగా చూడటం అదే మొదలు. జొన్నచేలు మెట్లు మెట్లుగా, ఇళ్ళు అగ్గిపెట్టెల్లా. తన ఇంటి ముందు ఆరేసిన ఎర్రచీర కూడా కనిపించింది.

"అదే మా ఇల్లు! వదినా, అదిగో, అదే!" అని చిన్నపిల్లలా గెంతింది.

అంతలో పిన్నివాళ్ళ గట్టున ఒళ్ళంతా బురదైన పెద్దాఫీసరు కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. చప్పట్లు కొట్టడానికి ఇంజనీరు తప్ప అక్కడ ఒక్క నరపురుగు లేదు. ఇంజనీరు రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు.

"ఏమంటున్నాడే?" అంది ముసలమ్మ.

"రమ్మంటున్నాడు."

"ఇవాళా? ఏళ్ళ కబుర్లున్నాయి. అతనికి ఏం చెబుతావో చెప్పు."

పిన్ని ఆమె వైపు చూసింది. ఇద్దరూ పక్కపక్కన బండెక్కి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, ఊపిరి నిండా పీల్చుకుని ఒక్కసారే కేకేశారు.

"రేపొస్తాం!"