ఇంజనుకు తగ్గ గార్డు పెట్టె

బొమ్మ ఇంజనుకు గార్డు పెట్టె కొనడం కూడా ఒక పనేనా అని కేబినాయన దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాడు. బస్సులో నిలబడ్డవాళ్లు ఆయన ఒళ్లో ఉన్న బిస్కెట్ల డబ్బా వంక వింతగా చూస్తున్నారు. ఎవరి మోచెయ్యి తగులుతుందోనని ఆయన దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. డబ్బాలో, తువ్వాలు మడతల మధ్య, జానెడు పొడుగు నల్లటి ఆవిరి ఇంజను ఉంది. అది ఆయన వియ్యంకుడిది.

వియ్యంకుణ్ణి అందరూ గార్డుగారనే పిలుస్తారు. గూడ్సు బండి చివర ఉండే చిన్న పెట్టెలో జెండా పట్టుకుని పదిహేడేళ్లు తిరిగిన మనిషి. కేబినాయనేమో లైను పక్క కేబిన్‌లో మీటలు లాగి, సిగ్నళ్లు దించి, వచ్చే పోయే బళ్లకు దారి ఇచ్చిన మనిషి. ఉద్యోగాలు అయిపోయి ఏళ్లు గడిచినా ఆ పేర్లు మాత్రం ఇద్దర్నీ వదల్లేదు. అసలు పేర్లు పింఛను కాగితాల మీద పడుకుని ఉన్నాయి. స్నేహం ముదిరి, కేబినాయన కూతురు గార్డుగారి కోడలయింది.

గార్డుగారి ముందుగదిలో భోజనాల బల్లంత చెక్క మీద పట్టాలు పరిచి ఉంటాయి. ఇంజను ఆయన రెండేళ్లు కూర్చుని స్వయంగా బిగించుకున్నదే. వెనక వ్యాగన్లు కూడా సమకూరాయి. గార్డు పెట్టె ఒక్కటే కుదరలేదు. "పెట్టె లేని గూడ్సు గూడ్సేనా బావగారూ? మొండెం నడిచినట్టుంది" అని ఆయన గొడవ. పోనీ వెళ్లి కొనుక్కోరాదా అంటే వెళ్లడు. మోకాలు నొప్పి అంటాడు. అది సాకు. తను చూసి బాగుందనుకున్నది నిజంగా బాగుంటుందన్న ధైర్యం ఆయనకు లేదు.

ఆయన తీరే అంత. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు, వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కొస్తాడు. పొయ్యి ఆపానా అని కోడల్ని అడిగి, ఆపారు మామయ్యా అంటే, నువ్వు చూశావా అని మళ్లీ అడుగుతాడు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, మీ మతి మా మతి కన్నా బాగుంది పొమ్మన్నాడు. అయినా మూడేళ్ల మనవరాలిని పార్కుకు తీసుకెళ్లమంటే, చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. "నన్ను నమ్మి పిల్లని పంపకమ్మా" అంటాడు. ఆ మాట వినబడ్డప్పుడల్లా కేబినాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు.

ఈసారి గార్డుగారు కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. కొక్కెం ఎత్తు ఇంజను కొక్కెంతో సరిపోవాలి. కప్పు పొగగొట్టం కన్నా పైకి లేవకూడదు. చక్రాలు లోహంవి కావాలి. బరువు ఉండాలి. వెనక వరండా, బ్రేకు చక్రం తప్పనిసరి. అన్నిటికన్నా కింద, "మీ కన్ను మీద నాకు నమ్మకం" అని ఉంది. కేబినాయన ఆ చివరి వాక్యం కనబడకుండా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కొట్టు ఒక మేడ మెట్ల కింద ఉంది. నడిపేది యాభై దాటిన ఆవిడ. భూతద్దాన్ని నుదుటి మీదికి తోసుకుని, ఆకురాయితో ఏదో ఇత్తడి ముక్క అరగదీస్తోంది. పెట్టెలన్నీ ఆవిడ చేత్తో చేసినవే, కొన్ని మాత్రం బయటినుంచి తెప్పిస్తుంది.

"గార్డు పెట్టె కావాలమ్మా."

"ముందు ఇంజను చూపించండి పెద్దాయనా. పెళ్లికొడుకుని చూడకుండా పెళ్లికూతుర్ని చూపిస్తానా?"

కేబినాయన తువ్వాలు విప్పాడు. ఆవిడ ఇంజనును వేలితో నిమిరి, కింద చక్రాలు చూసి, "చేసినాయన ఓపికమంతుడు" అంది. తర్వాత మూడు పెట్టెలు తీసి బల్ల మీద పెట్టింది.

మొదటిది ఎర్రగా నిగనిగలాడుతోంది. కేబినాయన చేతిలోకి తీసుకుంటే అసలు తీసుకున్నట్టే లేదు. ప్లాస్టిక్కు. "ఇది పిల్లలకి. మలుపు తిరిగితే ఎగిరి కింద పడుతుంది" అని ఆవిడే పక్కకు నెట్టింది. రెండోది అందగత్తె. కప్పు మీద ఇంకో చిన్న అద్దాల గది, నాలుగు వైపులా కిటికీలు. అట్ట మీద కబూస్ అని రాసి ఉంది, అమెరికాలో గార్డు పెట్టెను అలా అంటారట. ఇంజను వెనక పెట్టి చూస్తే ఆ అద్దాల గది పొగగొట్టాన్ని దాటి రెండు వేళ్లు పైకి లేచింది. మొగుడి భుజాల మీద ఎక్కి కూర్చున్నట్టుంది అని ఆవిడ నవ్వింది. కేబినాయనకు కూడా నవ్వొచ్చింది.

మూడోది చూసేసరికి ఆ నవ్వు పోయింది.

అది చెక్క పెట్టె. పొట్టిగా, కాస్త మాసిన గోధుమరంగులో, నిజంగా వానలో ఎండలో తిరిగి వచ్చినట్టుంది. చేతిలో బరువు తెలుస్తోంది. మెట్లు, పట్టుకునే కమ్మీలు, తలుపుకు గొళ్లెం కూడా ఇత్తడివి. వెనక వరండాలో అగ్గిపుల్ల తలంత బ్రేకు చక్రం ఉంది. వేలు పెడితే తిరిగింది. కేబినాయన దాన్ని తిప్పి, వెంటనే వేడి తగిలినట్టు వేలు తీసేశాడు.

అలాంటి చక్రాన్నే ఇరవై రెండేళ్ల కిందట గార్డుగారు ప్రాణాలు బిగబట్టి తిప్పాడు. అది కేబినాయన కళ్లారా చూశాడు. చూడలేదని విచారణలో చెప్పాడు.

కేబిన్‌లో పనిచేసేవాడికి ఒకటే నియమం. ముందు ఇంజను ఎంత ఠీవిగా పోయినా దానితో పని లేదు. చివరి పెట్టె వెనక ఎర్ర పలక కనబడితేనే బండి పూర్తిగా వచ్చినట్టు. తోక చూసి, రిజిస్టరులో చూశానని రాసి, అప్పుడే వెనక వచ్చే బండికి దారి వదలాలి. ఆ మధ్యాహ్నం కేబినాయన ఇంజనును చూశాడు, నాలుగు వ్యాగన్లను చూశాడు, తల దించుకున్నాడు. చప్పుడు దాటిపోయింది. తోక చూశానని రాసి, సంతకం పెట్టి, వెనక బండికి దారి వదిలేశాడు. రెండు నిమిషాల తర్వాత మళ్లీ చక్రాల చప్పుడు. తలెత్తి చూస్తే, ఎగువన వాలులో లంకె తెగిన ఐదు వ్యాగన్లు, వాటి వెనక గార్డు పెట్టె, ఇంజను లేకుండా వాటంతట అవే దొర్లుకుంటూ కేబిన్ ముందు నుంచి పోతున్నాయి. వరండాలో గార్డుగారు బ్రేకు తిప్పుతూ అరుస్తున్నాడు.

అవి కొంచెం దూరం పోయి ఆగాయి. గార్డుగారు దూకి, ఎర్ర జెండాతో వెనక్కి పరిగెత్తాడు. అప్పటికే సిగ్నలు దాటేసిన వెనక బండి డ్రైవరు బ్రేకు వేశాడు గాని పెట్టె నుజ్జయింది. అదృష్టం బాగుండి ఎవరూ పోలేదు. విచారణలో గార్డుగారు, బండి కేబిన్ రాకముందే తెగింది, నేను కేబిన్ ముందు నుంచి ఒంటరిగా దొర్లుకుంటూ వెళ్లాను అన్నాడు. రిజిస్టరులో మాత్రం పూర్తి బండి వెళ్లినట్టుంది. కేబినాయన కూడా అదే చెప్పాడు. ఉద్యోగం పోతుందన్న భయం, ఇంట్లో చిన్నపిల్ల. బండి కేబిన్ దాటాకే తెగింది, గార్డు నిద్రపోయాడు, ఆలస్యంగా లేచి ఏదో ఊహించుకున్నాడు అని తేల్చేశారు. ఆయన్ని యార్డులో కూర్చోబెట్టారు. మళ్లీ బండెక్కనివ్వలేదు.

అంతటితో అయిపోయినా బాగుండేది. వారం తర్వాత గార్డుగారు ఇంటికొచ్చి, "నా మూలంగా మీరు విచారణలో నిలబడాల్సి వచ్చింది, క్షమించండి. మీరు అబద్ధం చెప్పే మనిషి కాదు. నేనే నిద్రపోయుంటాను" అని చేతులు పట్టుకున్నాడు. అప్పుడు నోరు పెగల్లేదు. తర్వాత పిల్లల పెళ్లి కుదిరింది, ఇంకెప్పుడూ పెగల్లేదు.

"ఏంటి పెద్దాయనా, నచ్చలేదా?" అని కొట్టావిడ అడిగింది.

"నచ్చింది. నడిపి చూపించండి."

గోడ పొడుగునా పట్టాలున్నాయి. ఒక చోట అట్టతో చేసిన కొండ, దానికో సొరంగం, లోపల కొంచెం ఎత్తు. ఆవిడ ఇంజనుకు తన వ్యాగన్లు ఆరు కట్టి, చివర చెక్క పెట్టె తగిలించి మీట నొక్కింది. ఇంజను చక్రాల కడ్డీలు కదిలాయి. బండి కొండలోకి దూరింది. అవతలి వైపు నుంచి ఇంజను బయటికొచ్చి, కేబినాయన ముందు నుంచి నల్లగా మెరుస్తూ పోయింది. ఆయన తృప్తిగా తలూపాడు.

"సరిపోయిందమ్మా. కట్టివ్వండి."

"ఏం సరిపోయింది? వెనక చూశారా?"

కేబినాయన తల తిప్పాడు. ఆరో వ్యాగను వెనక ఏమీ లేదు. చెక్క పెట్టె సొరంగంలోనే ఉండిపోయింది. ఆయన చూస్తుండగానే అది మెల్లిగా సొరంగంలోంచి బయటికొచ్చి, వాలు మీద తనంతట తనే దొర్లుకుంటూ ఆయన ముందు నుంచి పోయింది. కేబినాయన పక్కనున్న ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. ఇరవై రెండేళ్లు కుమిలిపోయి కూడా కన్ను మారలేదు. ఇంజను కనబడగానే చాలనుకునే కన్ను అది. ఆ కన్ను మీదే గార్డుగారికి నమ్మకం. కేబినాయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆవిడ పెట్టెను తిరగేసి చూసింది. "కొక్కెం వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. తగిలించేటప్పుడు చూసుకోలేదు, తప్పు నాదే" అంది. అని, ఆకురాయి తీసుకుని నాలుగుసార్లు రుద్ది, మళ్లీ తగిలించింది. ఈసారి బండి మూడు చుట్లు తిరిగింది, మూడుసార్లూ పెట్టె వెనకే వచ్చింది. తప్పు నాదే అనడానికి ఆవిడకు గుక్క తిప్పుకునేంత సేపు కూడా పట్టలేదు. కేబినాయన ఆ మాటే మోసుకుంటూ బస్సెక్కాడు.

గార్డుగారు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. పెట్టెను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు. చిన్నపిల్లాడి మొహం అయిపోయింది. "అబ్బ, ఏం పనితనం బావగారూ! ఇంజను కోసమే పుట్టినట్టుంది. నడిపించి చూశారా? వెనక చూశారు కదా?"

"లేదు" అన్నాడు కేబినాయన.

"లేదా?"

"మొదటిసారి చూడలేదు. ఆ రోజు కూడా చూడలేదు బావగారూ."

గార్డుగారికి అర్థం కాలేదు. కేబినాయన నిలబడే, గోడ వైపు చూస్తూ, అంతా చెప్పేశాడు. తోక చూడకుండా రాసింది, రెండు నిమిషాల తర్వాత తలెత్తి చూసింది, ఆయన ఒంటరిగా కేబిన్ దాటడం కళ్లారా చూసింది, విచారణలో అబద్ధం ఆడింది. "మీరు నిద్రపోలేదు. మీరు చెప్పిన ప్రతి మాటా నిజం. నాకు తెలుసు. మొదటినుంచీ తెలుసు."

గార్డుగారు పెట్టెను బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. 

"అప్పుడు మీరు చెప్పు కుట్టుకుంటున్నారు" అన్నాడు చివరికి.

కేబినాయన ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

"ఒక చేతిలో చెప్పు, పళ్ల మధ్య దారం. కిటికీలో కనబడ్డారు. డ్యూటీలో ఎవరైనా చెప్పు చేత్తో పట్టుకుని కూర్చుంటారా, ఇదేదో కలే అయ్యుంటుంది అనుకున్నాను. ఆ చెప్పు వల్లే నన్ను నేను నమ్మలేదు." ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "మా ఆవిడ పోయేముందు కూడా, ఆ రోజు కాస్త కునుకు పట్టింది అంతేగా, దానికి ఇంత బాధెందుకండీ అంది. నేనూ అవునన్నాను బావగారూ. అవునన్నాను."

"నన్ను తిట్టండి."

"తిట్టి ఏం చేస్తాను? అమ్మాయిని పిలవండి."

"బావగారూ..."

"నేను చెబితే నమ్మదు. మీరే చెప్పండి."

అది నిజమే. గార్డుగారు ఎప్పుడైనా ఆ ఊసు ఎత్తితే, మా నాన్న రాశారు కదా మామయ్యా అని ఆమె మెత్తగా మాట మార్చేసేది. మనసున్న పిల్లే, కాని తండ్రి మాటంటే ఆమెకు రాతి మీద గీత. కేబినాయనకు ఈ లోకంలో ఉన్న ఒక్క గొప్పా అదే. ఆయన వంటింటి గుమ్మం దాకా వెళ్లి పిలిచాడు.

ఆమె పమిటకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైంది నాన్నా?" అంది. కేబినాయన మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఈసారి గోడ వైపు చూడలేదు. కూతురి మొహంలోకి చూస్తూ చెప్పాడు. అందుకే ఆ మొహంలో ఏమేం ఆరిపోయాయో ఆయనకు పూర్తిగా కనబడింది. చెప్పడం అయ్యాక ఆమె అరిచినా, ఏడ్చినా తట్టుకునేవాడే.

ఆమె తండ్రిని దాటుకుని వెళ్లి, మామగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"మామయ్యా, ఆ రోజు ఏం జరిగిందో మీరు చెప్పండి. నేనెప్పుడూ పూర్తిగా వినలేదు."

గార్డుగారు మొదట తడబడ్డాడు. లంకె తెగినప్పుడు ఎంత చప్పుడైందో సరిగ్గా గుర్తులేదేమో అన్నాడు. ఆమె, ఫరవాలేదు, మీకు గుర్తున్నట్టే చెప్పండి అంది. అప్పుడు చెప్పాడు. వాలు దగ్గర వచ్చిన కుదుపు, బ్రేకు చక్రానికి అరచేతులు చీరుకుపోవడం, కేబిన్ కిటికీ, అందులో మనిషి, కంకర మీద పరుగు. పోను పోను ఆయన గొంతు గట్టిపడింది. గది అవతల మూల కేబినాయన నిలబడే ఉన్నాడు. గార్డుగారు చెబుతున్న ప్రతి మాటకూ సాక్ష్యం చెప్పగలిగినవాడు ఈ లోకంలో తనొక్కడే. అడిగితే అవును అందామని నోట్లో మాట పెట్టుకుని చూశాడు. కాని కథంతా అయ్యేదాకా కూతురు ఒక్కసారి కూడా, నిజమేనా నాన్నా అని ఆయన వైపు తిరగలేదు.