గంట కట్టిన బీరువా

"నాయనమ్మా, బీరువాకి గంట కట్టేశాను!" అని మనవరాలు కేకేసింది.

"గంత కట్టావా? ఎవరి కళ్ళకే?" నాయనమ్మ అదిరిపడింది. ఆవిడకి చెవులు రెండూ కమ్మలు తగిలించుకోవడానికే మిగిలాయి. ఆ మాటని వంటావిడ అందుకుని "వకీలుగారి కళ్ళకి గంతలు కట్టారట" అని పక్కింట్లో వడ్డించింది. వాళ్ళు పరామర్శకి పరిగెత్తుకొచ్చారు.

వకీలుగారింట్లో గోడంత బీరువా. అందులో చెదలు చదివినన్ని పుస్తకాలు మనుషులు చదవలేదు. తప్పు మనుషులది కాదు, ఇంటి చట్టానిది. పుస్తకం చదివినవాళ్ళు ఆ విద్యతో పనిచేసే వస్తువొకటి చేసి చూపాలి. అప్పుడే తరువాతి పుస్తకం. కొడుకు పంపు చేశాడు. అందులోంచి నీళ్ళు తప్ప అన్నీ వచ్చాయి. ఇంట్లో అందరూ 'మరమేకు' అని పిలిచే కూతురు యంత్రాల పుస్తకం మొదటి భాగం నమిలి మింగేసింది. ఆ భాగం సరిగ్గా ఇంజను కదలబోయే పేజీలో ఆగిపోయింది. రెండో భాగం కోసం పిల్ల ప్రాణం కొట్టుకుపోతోంది.

అరువడిగేవాళ్ళు పుస్తకాలు ఎగరేసుకుపోతారని తండ్రికి బెంగ. అందుకే మరమేకు పాత సైకిలు గంట, స్ప్రింగు, తీగ కలిపి బీరువా తలుపుకి బిగించింది.

అందరి ఎదుటా వకీలు తలుపు లాగారు. గణగణ!

"నా తల్లే! తాళానికి చెవి ఉండేది, నువ్వు నోరు కూడా పెట్టావు!"

"రెండో భాగం ఇవ్వండి నాన్నగారూ." చెయ్యి చాపింది.

ఆయన పుస్తకం తీశారు. గంటని చూశారు, కూతుర్ని చూశారు. "మొదటి భాగానికే గంట కట్టావు. రెండోది చదివితే అది మోగకుండా తలుపు తీస్తావు. నీ చదువు చాలు." పుస్తకం కొడుకు చేతిలో పెట్టారు. "వీడితో ప్రమాదం లేదు."

అందరూ పగలబడి నవ్వారు. ఎందుకో తెలియక కొడుకూ నవ్వాడు.

"చట్టం మీరు పెట్టిందే కదా?" అంది మరమేకు.

"చట్టం నాదే. సవరణా నాదే. ఏదీ, మరోసారి మోగించు, చూస్తారు."

మోగించింది. చప్పట్లు కొట్టారు.

"గంతలు విప్పారట్రా?" అంది నాయనమ్మ.

వకీలు ఆవిడ చెవిలో వీధంతా వినేలా అరిచారు: "గంత కాదమ్మా, గంట! సైకిలు గంట! దొంగ చెయ్యి పెడితే మోగుతుంది!"

"ఓహో, గంటా!" అని పక్కింటివాళ్ళు కాస్త నిరాశపడ్డారు.

"మంచిదేగా. మరి పిల్ల ఏడుస్తోందేమిట్రా?" అంది నాయనమ్మ.

"సంతోషం పట్టలేకమ్మా!"