నాలుగో మంచం వెనక

గంగ మోకాళ్ళ మీద వంగి నాలుగో మంచం కింద తుడుస్తోంది. మందు నీళ్ళకి వేళ్ళ చివర్లు పాలిపోయి ముడతలు పడ్డాయి. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి జెండా మారిన ఏడాది బళ్ళో చేరిన మనిషి. ఆ తర్వాతి బతుకులో ఇరవై ఆరేళ్ళు ఈ ఇంటెన్సివ్ కేర్ వార్డు నేల మీదే గడిచాయి. తలవైపు బల్ల వెనక దాచిన పాలపొడి డబ్బాని జరిపి, దాని కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది. డబ్బాలో జానెడు తులసి మొక్క. మట్టి ఆరినట్టుంటే గ్లాసుతో కాసిని నీళ్ళు పోసింది.

వార్డులోకి పూలు, మొక్కలు తేకూడదు. ఆ కాగితం తలుపు మీద అంటించింది గంగే.

మంచం మీద ఉన్నది తవువా ఊరి చెరకు రైతు వెంకటస్వామి. ఫ్లూ ముదిరి వచ్చాడు. గొంతులో గొట్టం వేయకముందు, మొదటి రోజు, నేల తుడుస్తున్న ఆమెని తెలుగులో అడిగాడు, "ఏ ఊరు బిడ్డా నీది?" అమ్మ పోయాక ఆమెని బిడ్డా అన్నవాళ్ళు లేరు. "బా," అని తన ఊరి పేరు చెప్పి, ఆ పైన తెలుగులో ఏమనాలో తోచక, అదే చోట రెండుసార్లు తుడిచింది.

గొట్టం వేసిన మర్నాడు ఆయన కూతురు కాంత చేతిసంచిలో ఆ డబ్బా తెచ్చింది. సువాలో ఆఫీసు ఉద్యోగం ఆమెది. నాన్న తులసికి నీళ్ళు పోయకుండా ఏనాడూ చాయ్ తాగలేదనీ, పెరటి మట్టితో సహా తెచ్చాననీ చెప్పి గంగ తడి చేతులు పట్టుకుంది.

"మౌసీ, ఒక్కటే. కోయీ నహీ దేఖీ, ఎవరూ చూడరు. నువ్వు మా ఇంటి మనిషివే కదా."

గంగ వద్దంది. రెండోసారి అనలేకపోయింది. పన్నెండు రోజులుగా ఇద్దరూ దాస్తున్నారు. మధ్యాహ్నాలు దుప్పట్ల గదిలో కూర్చుని ఒకే గిన్నెలో రొట్టె, చట్నీ తింటున్నారు.

ఈ పొద్దున గంగ నీళ్ళు పోసి లేచేసరికి డాక్టర్ బిజయ్ పరీక్ష కాగితం తెచ్చాడు. ఊపిరితిత్తుల్లో బూజు పెరుగుతోందట. బాగున్నవాళ్ళు రోజూ పీల్చినా ఏమీ చేయని బూజే యంత్రంతో ఊపిరి తీస్తున్నవాణ్ణి తినేస్తుందట. తడి గోడ నుంచి రావచ్చు, మట్టి నుంచి రావచ్చు, ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేం అన్నాడు. తుఫాను తర్వాత పైకప్పుకి పట్టిన నల్లమచ్చ గురించి గంగ మూడుసార్లు చెప్పి ఉంది. ఇప్పుడూ ఎవరూ పైకి చూడలేదు. సిస్టర్ రాజ్‌కుమారి వంగి బల్ల వెనక చూసింది.

డబ్బా పైకి తీసి, ఎవరు తెచ్చారని అడిగింది. మంచం అవతల నిలబడ్డ కాంత వైపు గంగ చూసింది. కాంత తన చేతిసంచి వైపు చూసుకుంది.

"ఈ క్లీనర్ తెచ్చింది సిస్టర్. నేను వద్దనే చెప్పా."

గంగ నోరు తెరిచింది. యంత్రం చప్పుడుకి ముసలాయన ఛాతీ లేచి పడుతోంది. ఆ మంచం మీదుగా ఆయన కూతురితో వాదులాడటానికి నోరు రాలేదు. "పానీ హమ్ డాలా, సిస్టర్," అంది. నీళ్ళు పోశానన్న ఆ ఒక్క మాటే సిస్టర్ రాసిన కాగితం మీదికి ఎక్కింది. డ్యూటీ ముగించి, తాళాలూ బ్యాడ్జీ ఇచ్చి వెళ్ళమనీ, రేపటి నుంచి రావద్దనీ సిస్టర్ చెప్పింది.

మధ్యాహ్నం దుప్పట్ల గదికి కాంత రాలేదు. ఇద్దరికని తెచ్చిన గిన్నె మూత గంగ తీయలేదు.

మూడున్నరకి యంత్రం ఆపేశారు. కాంత ఏడుస్తూ చుట్టాల భుజం మీద ఆనుకుని గంగ పక్కనుంచే నడిచి వెళ్ళింది.

ఖాళీ అయిన మంచం కడగడం గంగ పని. పరుపు, కమ్ములు, చక్రాలు, కింద నేల. బల్ల వెనక డబ్బా అడుగు తుప్పు గుండ్రంగా అంటుకుని ఉంది. అది పోయేదాకా రుద్దింది.

తాళాలిచ్చి బయటికి వచ్చేసరికి బా బస్సు మలుపులో కనిపించింది. చెత్త తొట్టి పక్కన, కుళాయి గట్టు మీద ఎవరో డబ్బా పెట్టి పోయారు. అలవాటున చెయ్యి కుళాయి మీదికి వెళ్ళింది. తిప్పలేదు. బస్సెక్కింది.

డబ్బాలో మట్టి ఇంకా పొద్దుటి నీళ్ళకి తడిగానే ఉంది.