ముప్పై నాలుగో పేజీ

తొందరమ్మకి ఆ పేరు పెట్టింది ఆమె భర్తకి అక్క, అంటే వదినగారు. ఊరికే పెట్టలేదు. సగం అల్లి వదిలేసిన మఫ్లరు, మూడో పాఠం దగ్గరే ఆగిపోయిన గిటారు, ఒకవైపే రంగు పడ్డ కుర్చీ సాక్ష్యాలుగా ఇంట్లోనే పడి ఉన్నాయి. కళ్లద్దాల షాపులో మాత్రం ఆమె చెయ్యి తిరిగిన మనిషి. కంటికి ఆనని మరలు కూడా ఆమె వేళ్లకి లొంగుతాయి. ఇంటికొచ్చేసరికి ఆ ఓపికంతా ఎటు పోతుందో ఆమెకే తెలీదు.

వదినగారు పై వాటాలో ఒక్కరే ఉంటారు. ముప్పై ఏళ్లు బడిలో పనిచేసి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఆవిడ మెట్లు దిగుతున్న చప్పుడు వింటే తొందరమ్మ భర్త నలభై రెండేళ్ల వయసులో కూడా సోఫా మీంచి కాళ్లు దించేస్తాడు.

ఆవిడ రిటైర్మెంటుకి ఏమిద్దామా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్న రోజుల్లో, తొందరమ్మకి లైబ్రరీలో చేత్తో పుస్తకాలు కుట్టడం గురించిన పుస్తకం ఒకటి దొరికింది. ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద తెరిచి కూర్చుంది. చదివేటప్పుడు ఆమెకి తోడు రెండు పిల్లులు. ఒకటి గుమ్మడి, రంగూ ఒళ్లూ రెండూ పేరుకి తగ్గట్టే ఉంటాయి. రెండోది మసి, నల్లగా సన్నగా ఉంటుంది, ఒక్క క్షణం కుదురుగా ఉండదు. గుమ్మడికి చదువంటే ప్రాణం. ఏ పేజీ తెరిస్తే ఆ పేజీ మీద పడుకుంటుంది.

అరవై నాలుగో పేజీ తెరవగానే అలాగే పడుకుంది. లేపితే ఒళ్లంతా బరువు చేసుకుని కదల్లేదు.

"పోనీలేరా, ఒక్క పేజీకి ఏం కొంప మునుగుతుంది?" అని తొందరమ్మ దాని తోక కింద నుంచి అరవై ఐదో పేజీలోకి దూకేసింది. కొంప మునగడానికి ఒక్క పేజీ చాలని అప్పటికి ఆమెకి తెలీదు.

పని నిజంగా బాగుంది. నాలుగు కాగితాలు కలిపి మధ్యకి మడిస్తే ఒక మడత, అంటే పదహారు పేజీలు. అలాంటివి ఎనిమిది పేర్చి, మైనం పూసిన దారంతో వెన్ను దగ్గర కుట్టి, అట్ట అంటిస్తే పుస్తకం. అవే కాగితాలతో ఆమె తనకోసం కూడా ఒక బొమ్మల డైరీ మొదలుపెట్టింది. ముందు మడతల్లో బొమ్మలు గీసుకుని, తర్వాత కుట్టుకోవాలని లెక్క. ఒక మడత నిండింది. మాసిపోతాయని పై పేజీ, అడుగు పేజీ మాత్రం ఖాళీగా ఉంచింది.

లోపలి పద్నాలుగు పేజీల నిండా వదినగారే. నుదుటి మీద కళ్లద్దాలు పెట్టుకుని ఇల్లంతా కళ్లద్దాలు వెతుకుతున్న వదినగారు. దండెం మీద తువ్వాళ్లు సమానంగా ఉన్నాయో లేదో స్కేలు పెట్టి కొలుస్తున్న వదినగారు. వరస తప్పి వాలిన పావురానికి క్లాసు పీకుతున్న వదినగారు. ఆవిడ ఎదుట చెయ్యెత్తి బయటికెళ్లడానికి అనుమతి అడుగుతున్న గుమ్మడి. ఒక బొమ్మ కింద "వదిన వస్తే గాలి కూడా చేతులు కట్టుకుంటుంది" అని రాసింది కూడా. ఎవరూ చూడరనుకున్నప్పుడు మనిషి చెయ్యి ఎంత హుషారుగా ఆడుతుందో!

కుట్టే రోజున మసి టేబుల్ మీదికి ఒక్క గెంతు గెంతింది. మడతలన్నీ నేల మీద పడ్డాయి. తొందరమ్మ పిల్లిని తిట్టుకుంటూ వాటిని ఏరి, ఎనిమిది లెక్కపెట్టి, మిగిలినదాన్ని తనదనుకుని సొరుగులో పెట్టి, మధ్యాహ్నానికల్లా కుట్టేసింది. సాయంత్రం గర్వంగా మెట్లెక్కి ఇచ్చింది.

వదినగారు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పారు. వెన్ను నొక్కి చూశారు. "పూర్తి చేశావే!" అన్నారు. "రోజుకి ఒక పేజీ రాస్తాను. సరిగ్గా ఒక్కటే."

తొమ్మిదో రోజున తొందరమ్మ తన డైరీ మడత కోసం సొరుగు తీసింది. అందులో ఉన్న మడత తెల్లగా ఉంది. తిరగేసింది. పదహారు పేజీలూ తెల్లగానే ఉన్నాయి. పరుగున వెళ్లి గుమ్మడిని ఎత్తి పక్కన పడేసి, ఆ అరవై నాలుగో పేజీ చదివింది.

"కుట్టే ముందు మడతలన్నీ పేర్చి, వెన్ను మీద పెన్సిల్‌తో ఏటవాలుగా ఒక గీత గీయండి. వరస తప్పినా, పరాయి మడత కలిసినా గీత తెగి కనిపిస్తుంది."

ఆమె గీయలేదు. తన మడతకి మూల కొంచెం వంగి ఉండేది. అలాంటిదాన్ని మూడోదిగా కుట్టిన గుర్తు ఇప్పుడొచ్చింది. లెక్క వేసింది. ముప్పై మూడో పేజీ ఖాళీ. ముప్పై నాలుగో పేజీలో వదినగారు, నుదుటి మీద కళ్లద్దాలు.

"వదినా, జిగురు సరిగ్గా ఆరిందో లేదో, ఒక్కరోజు ఇస్తారా?" అని అడిగింది మర్నాడు.

"ఆరింది. చూశాను. ఇవాళ పదో పేజీ."

భర్తని బతిమాలింది. "మా అక్క చేతిలోంచి పుస్తకం తేవాలా? ఏడో తరగతిలో ఒకసారి ప్రయత్నించాను" అన్నాడతను. అయినా పెళ్లాం మొహం చూసి జాలిపడి వెళ్లాడు. గంట తర్వాత తిరిగొచ్చాడు. చేతిలో పుస్తకం లేదు, నెత్తి మీద జుట్టూ లేదు. "అలా పెంచుకుని తిరుగుతున్నావేంటని అడిగింది. నేరుగా సెలూన్‌కి వెళ్లొచ్చాను" అని నీళ్లు నమిలాడు.

ఇక తొందరమ్మే గుమ్మడిని తీసుకెళ్లి పుస్తకం పక్కన వదిలింది. అట్ట మీద ఒక్క గీరు గీరినా చాలు, బాగుచేస్తానని తెచ్చేసుకోవచ్చు. అదేమో పుస్తకం పక్కనే బుద్ధిగా మూతి కడుక్కుని, వదినగారి ఒళ్లో నిద్రపోయింది. తిండి పెట్టేది ఒకరు, పెద్దమనిషి తరహా చూపించేది ఇంకొకరి దగ్గర! మసిని తెస్తే అది తొందరమ్మ నెత్తికెక్కి కూర్చుంది. అలాగే మెట్లు దిగాల్సొచ్చింది.

వదినగారు రోజూ పొద్దున్నే బాల్కనీలోంచి వంగి చెప్పేవారు. "మరదలా, ఇవాళ పద్దెనిమిదో పేజీ!" తొందరమ్మకి గొంతులో కాఫీ అడ్డం పడేది.

ఇరవయ్యో రోజున పాత టీచర్లు నలుగురు వదినగారిని చూడటానికొచ్చారు. మంచినీళ్లు పట్టుకెళ్లిన తొందరమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల వదినగారు పుస్తకం ఎత్తి చూపిస్తున్నారు. "మా మరదలు కుట్టింది. కుట్టు చూడండి, ఎక్కడా వంకర లేదు. ఇంత చెయ్యి ఉందని నాకిన్నాళ్లూ తెలీలేదు."

పదకొండేళ్ల కాపురంలో ఆవిడ నోట తన గురించి మంచిమాట వినడం అదే మొదటిసారి. తొందరమ్మకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంకో పద్నాలుగు రోజుల్లో ఈ మాట కూడా పోతుందని గుర్తొచ్చి నిజంగానే ఏడుపొచ్చింది.

ముప్పై మూడో రోజున జేబులో చిన్న కత్తెర పెట్టుకుని పైకి వెళ్లింది. పుస్తకం టేబుల్ మీదే ఉంది. ఎవరో బెల్లు కొట్టారు. వదినగారు లేచి వెళ్లి కూరగాయలావిడతో బేరంలో పడ్డారు. తొందరమ్మ పుస్తకం తెరవకుండానే వెన్ను తడిమింది. మూడో మడత మధ్య దారం ఎక్కడ తెంపాలో ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? ఒక్క కత్తిరింపు చాలు.

కానీ దారమంతా ఒక్కటే. మొదటి మడత నుంచి ఎనిమిదో మడత దాకా ముడి లేకుండా నడుస్తుంది. ఇక్కడ తెంపితే పక్క మడతలు వదులవుతాయి, నెల తిరిగేసరికి పుస్తకం ఊడిపోతుంది. జన్మలో మొదటిసారి ఒక పని చివరిదాకా చేసింది. దాన్ని తన చేత్తోనే పాడుచెయ్యడానికి మనసొప్పలేదు. తిట్టాలనుకుంటే తిట్టనీ అనుకుని పుస్తకం అక్కడే పెట్టేసి, కత్తెర జేబులోనే ఉంచుకుని కిందికి వచ్చేసింది.

మర్నాడు బాల్కనీలోంచి పిలుపు వచ్చింది. "మరదలా, ముప్పై నాలుగో పేజీ! పైకి రా."

తొందరమ్మ గుమ్మడిని చంకలో పెట్టుకుని వెళ్లింది. అంతకంటే ధైర్యం ఇచ్చేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. భర్త అప్పటికే ఆఫీసుకి జారుకున్నాడు.

"కూర్చో" అన్నారు వదినగారు. పుస్తకం ఆమె ముందుకి తోశారు.

ముప్పై నాలుగో పేజీ. కళ్లద్దాల బొమ్మ పక్కన ఎర్ర సిరా. "ముక్కు బాగా కుదిరింది." పేజీలు తిప్పుకుంటూ పోతే తువ్వాళ్ల బొమ్మ పక్కన "స్కేలు పట్టుకునే తీరు ఇది కాదు." పావురం పక్కన "కాళ్లు మూడు గీశావు. తొందర!" గాలి గురించి రాసిన వాక్యం కింద రెండు గీతలు, పక్కన "భేష్." పద్నాలుగో బొమ్మ కింద పదికి ఏడు మార్కులు, సంతకం, తేదీ.

తొందరమ్మ ఆ తేదీని మళ్లీ చూసింది. పుస్తకం ఇచ్చిన రోజు అది.

"వదినా... మొదటి రోజే చూశారా?"

"పేజీలు లెక్కపెట్టకుండా నోటుబుక్కు తీసుకునే టీచరుని ఎక్కడైనా చూశావా?"

"మరి ఆ రోజు... వచ్చినవాళ్లతో..."

"చూశాకే చెప్పాను" అన్నారు వదినగారు. "నేనెలాంటిదాన్నో నా మొహం మీద చెప్పే ధైర్యం ఒక్కళ్లకీ లేకపోయింది ఇన్నేళ్లూ. ఒక్కదానివి గీశావు, అదీ ఇంత బాగా. నవ్వి నవ్వి ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు."

అప్పుడు చూసింది తొందరమ్మ. ఏడు మీద గీత కొట్టి ఉంది. పక్కన ఎనిమిది, నిన్నటి తేదీ.

"కూరగాయలావిడతో అరగంట బేరం ఆడటానికి నాకేం పని? కత్తెర జేబులోంచి తొంగిచూస్తూనే ఉంది. కుట్టు తెంపలేదు చూడు, దానికి ఒక మార్కు కలిపాను."

తొందరమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్లూ కాఫీ గొంతు దిగనివ్వని మనిషి ఎదురుగా కూర్చుని, ఏమీ ఎరగనట్టు గుమ్మడి తల నిమురుతోంది.

"ఇంకో పేజీ తిప్పు."

మడతలో ఆఖరి పేజీ, తను ఖాళీగా వదిలింది. అందులో స్కేలు పెట్టి గీసిన మెట్లు. మెట్ల మీద గుడ్లు తేలేసి పరిగెడుతున్న ఒక ఆడమనిషి, నెత్తి మీద నల్లపిల్లి. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో "మరదలు, పుస్తకం కోసం" అని ఉంది.

వదినగారు ఎర్ర పెన్ను మూత తీసి ఆమె చేతిలో పెట్టారు. "దీనికి నువ్వు మార్కులు వెయ్యి."

తొందరమ్మ ఈసారి తొందరపడలేదు. బొమ్మని దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని, కళ్లద్దాల షాపులో అద్దం చూసినంత శ్రద్ధగా చూసింది. అప్పుడు మార్కులు వేసి పుస్తకం తిప్పి ఇచ్చింది.

వదినగారు కళ్లద్దాలు నుదుటి మీంచి కిందికి లాక్కున్నారు.

"ఆరా? నాకా? తోక చూడవే, తోక ఎంత బాగా వచ్చిందో! దానికి అరమార్కయినా వెయ్యవా?"