ఆపరేషన్ అంటే ఒక్కటే

మా సీనియర్ డాక్టర్ వినోద్‌కు కత్తి మీదున్న పట్టు నోటి మీద లేదు. ఉదయం రౌండ్లలో, మద్దేడ్ అనే తెలుగు ఊరి నుంచి వచ్చిన కోసి అనే అమ్మాయి మంచం దగ్గర నిలబడి, "పేట్ కా ఆపరేషన్ హోగా, ఆజ్ హీ" అని, కడుపు ఆపరేషన్ ఇవాళేనని హిందీలో ఒక్క ముక్క అనేసి పక్క మంచానికి జరిగాడు. అంతే, పెళ్లయి ఏడాదైనా నిండని ఆ పిల్ల కడుపు పట్టుకుని లేచి, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"మొండి మనుషులు. ఆపరేషన్ వద్దందని రాసి పంపించెయ్" అన్నాడు నాతో హిందీలో.

నాకు ఒళ్లు మండింది. అపెండిక్స్ వాచి పగలడానికి సిద్ధంగా ఉంది. దారిలో బస్సులో పగిలిందంటే మనిషి దక్కదు. అది నాకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు.

"రాయను సార్. ఎందుకు వద్దంటోందో ముందు తెలుగులో అడుగుతాను."

"వార్డులో అందరికీ అర్థమయ్యే భాషలో మాట్లాడాలని చెప్పానా లేదా?"

"అందరికీ అంటే మీకూ నాకూనా సార్?"

వార్డు వార్డంతా మా వైపు తిరిగింది. తిరగనీ! నేను ఈ హిందీ రాష్ట్రంలోనే, కిరందుల్ గనుల కాలనీలో పెరిగిన ఆంధ్రా పిల్లను. నా తెలుగు వేరు, కోసి తెలుగు వేరు. అయినా తెలుగు తెలుగే కదా. వెళ్లి ఆమె మంచం మీదే కూర్చున్నాను.

"ఎందుకు వెళ్లిపోతున్నావు తల్లీ?"

"మా వదినెకు గిట్లనె ఆపరేషన్ అన్నరక్కా. ఇగ దానికి పిల్లలు పుట్టరు. దానికంటె ముగ్గురున్నరు. నాకు ఒక్కరన్న లేకపాయె. సచ్చినా సరే, నేను చేపిచ్చుకోను."

అప్పటికి గానీ నాకు తట్టలేదు. వాళ్ల ఊళ్లో ఆపరేషన్ అంటే ఒక్కటే, పిల్లలు పుట్టకుండా చేసేది. దానికి ముందు మా డాక్టరుగారు కడుపును కూడా తగిలించారు. ఇంకేం కావాలి?

"అది కాదమ్మా. పేగుకు వేలెడంత తోక ఉంటుంది. దానికి చీము పట్టింది. అదొక్కటే తీసేస్తాం. గర్భసంచి జోలికి పోం."

కోసి గడ్డంతో వినోద్‌ను చూపించింది. "కోసేది నువ్వా, ఆయననా?"

"ఆయనే. నేను పక్కనే ఉంటాను."

"అయితె ఆయనతోనె చెప్పియ్యి. మా మాటల్ల."

ఉన్నదున్నట్టు హిందీలో ఆయనకు చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"నేనెందుకు చెప్పాలి?"

"కోసేది మీరు కాబట్టి సార్. మీరు చెప్పకపోతే ఆమె సంతకం పెట్టదు. వద్దందని నేనూ రాయను."

ఆయన ఓసారి ఆమె చేతిలోని చెప్పుల వైపు చూశాడు. నేను అందించిన మాటలను ఒక్కొక్కటే పలికాడు.

"గర్బ్‌సంచీ... ముట్టను."

"ఎవలిది?" అంది కోసి.

నవ్వొచ్చింది, ఆపుకోలేదు. ఎవరిదని అడుగుతోందని ఆయనకు చెప్పి, ఇంకో మాట అందించాను.

"నీ గర్బ్‌సంచీ ముట్టను" అన్నాడు వినోద్, ఈసారి ఆమె మొహంలోకి చూస్తూ.

కోసి చెప్పులు మంచం కిందికి తోసి, మెల్లగా వెనక్కి వాలింది.

"ఇగ కొయ్యి."