కబుర్ల బండకు ఇవతల

వడమాలపేట దగ్గర హైవే దిగి కొండల్లోకి నాలుగు మైళ్లు పోతే కనుమ వస్తుంది. కనుమ మీద దారి పక్కన ఏనుగు పడుకున్నట్టు ఒక బండ ఉంది. దాన్ని కబుర్ల బండ అంటారు. బండకు అటువైపు నిలబడి రేడియో పెడితే తిరుపతి స్టేషను గంట కొట్టినట్టు పలుకుతుంది. మూడడుగులు ఇటు వేస్తే జల్లెడలో ఇసుక పోసినట్టు ఒకటే సొద. సెల్‌ఫోను సంగతీ అంతే. కనుమ కింద ఉండే గుండ్లకోనలో నలభై ఇళ్లుంటే ఆరిళ్ల మీద డిష్షులున్నాయి. డిష్షులో హైదరాబాదు వార్తలు వస్తాయి. వాటిలో గుండ్లకోన పేరు ఎన్నడూ రాదు గనుక వాటితో ఎవరికీ భయం లేదు. ఈ చుట్టుపక్కల సంగతులు చెప్పేది పుత్తూరు లోకల్ కేబుల్ ఒక్కటే. రోజూ సాయంత్రం ఏడింటికి లోకేశ్వరి అనే అమ్మాయి చదువుతుంది. ఆ కేబుల్ వైరు వడమాలపేటతో ఆగిపోయింది.

గుండ్లకోనకు సంబంధించిన వార్త, ఊళ్లో ఎవరైనా నోరు తెరిచి చెప్పేదాకా ఊళ్లో జరగదు. పై చెరువు కట్ట తెగిందని రేడియో చెప్పిన ఏడు, నీళ్లు గండిలో గోడ మాదిరి రెండు రోజులు నిలబడినాయి. ఊళ్లో ఉండే చిన్నబ్బ పుత్తూరు నుంచి వచ్చి, "కట్ట సగం పోయిందంట" అన్నాకనే కదిలినాయి. పోయింది కూడా సగమే. మొదట చెప్పిన మాటే ఖాయమని, తగ్గించి చెబితే తగ్గించినంతే జరుగుతుందని ఊరికి అప్పుడు తెలిసింది. అసలేమీ జరగలేదని చెబితే మాత్రం ఆ మాట నిలవదు. బేరం ఆడవచ్చు గానీ ఊరకే ఎత్తుకుపోలేము. అందుకే బయట చెడ్డ కబురు విన్నవాళ్లు బండ మీద కాసేపు కూర్చుని, నోరు పుక్కిలించి, విన్నదాన్ని కడుపులో పెట్టుకుని దిగుతారు.

ఆ బుధవారం వసంతమ్మ మొగుడు ధనంజయ మోపెడ్ మీద రెండు బుట్టల తోతాపురి కాయలు వేసుకుని వడమాలపేటకు పోయినాడు. పొద్దు గుంకే వేళకు మోపెడ్‌ను తోసుకుంటూ తిరిగి వచ్చినాడు. ముందు చక్రం మెలికపడి ఉంది. బుట్టలు లేవు.

"యాడ పడితివి?" అని వసంతమ్మ అడిగింది.

"ఏమో మే, జారినట్టుండాది. కాయలు యాడ దించినానో గెవనం లేదు."

సంగటి తిన్నాడు, పడుకున్నాడు. వసంతమ్మ దుప్పటి కప్పుతూ చెయ్యి తాకింది. కడవలో నీళ్ల మాదిరి చల్లగా ఉంది.

మరునాడు పొద్దున పాలాయనతో కబురు వచ్చింది, మునిరత్నం బండ కాడికి రమ్మన్నాడని. మునిరత్నం ధనంజయకు వరసకు తమ్ముడు. పుత్తూరు చానెల్లో కేబుల్ లాగేదీ అతనే, కెమెరా పట్టేదీ అతనే. బండకు అటువైపు చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. వసంతమ్మ మూడడుగులు దాటి అతని ఎదురుగా నిలబడింది.

"వదినా, నిన్న హైవే మీద అన్నను లారీ గుద్దింది. ఆడికాడే పోయినాడు. ఏడింటికి లోకేశ్వరి చదివింది."

"రాత్రి ఇంటికొచ్చి సంగటి తిన్నాడే."

"వచ్చింటాడులే. మీకింకా కబురు రాలేదు గదా." మునిరత్నం తల వంచుకున్నాడు. "పుత్తూరు నుంచి మీ పెద్దబావ గోవిందయ్యన్న వస్తా ఉండాడు. ఈ పొద్దే తలకొరివి పెడతాడు. వదినా, అన్నను మటుకు ఈ బండ దాటనీయొద్దు. దాటితే ఈడి మాటే నిజం."

చావు కబురు విన్నవాళ్లు తలస్నానం చేయాలి. వసంతమ్మ అటువైపు బోరింగు కింద కూర్చుని తల తడుపుకుని, కొంగు పిండుకుని కనుమ దిగింది. అరుగు మీద ధనంజయ, చిన్నబ్బ కూర్చుని మోపెడ్ చక్రం సరిచేస్తున్నారు.

"గురువారం పూట తలకు పోసుకునేదేందిమే?" అన్నాడు ధనంజయ. "ఎవురు పోయినారు?"

చిన్నబ్బ చేతిలో స్పానరు ఆగిపోయింది.

"పేలు" అంది వసంతమ్మ.

"ఈ వయసులో పేలా? సూడప్పా చిన్నబ్బా, మా ఇంట్లో కొత్తగా బడికి పోయే బిడ్డ ఉండాది."

చిన్నబ్బ నవ్వలేదు. ఆ పూటకే ఊరికంతా ఏదో ఉందని తెలిసింది. ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది. వసంతమ్మ మోపెడ్ తాళంచెవి బియ్యం డబ్బాలో దాచింది.

మూడోనాడు కనుమ మీద స్తంభాలు దిగినాయి. గుండ్లకోనకు కేబుల్ కావాలని పదేళ్లుగా అర్జీలు పెట్టింది ధనంజయే. బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి ధర ఎంత పలికిందో ఏడింటి వార్తల్లో చెబుతారు. ఊరికి అది రెండు రోజులు ఆలస్యంగా తెలిసేది. ఈ లోపల దళారులు తోట కాడికే వచ్చి పాత ధర చెప్పి ఎత్తుకుపోయేవాళ్లు. అనుమతి సరిగ్గా ఆ వారమే వచ్చింది. బండకు ఇవతల గుంతలు తవ్వడానికి ధనంజయ తనే గడ్డపార తీసుకుని పోయినాడు. ఎండలో పొద్దంతా తవ్వినా ఒంటి మీద చెమట పట్టలేదు.

వసంతమ్మ మళ్లీ బండ దాటి మునిరత్నాన్ని పట్టుకుంది.

"వచ్చే వారం శనివారం సాయంత్రం లైను ఇస్తాము వదినా. అదే రోజు అన్నకు పదకొండోనాడు. గోవిందయ్యన్న పటం ఇచ్చినాడు, పూలదండ వేసి శ్రద్ధాంజలి వెయ్యమని. నెలంతా, రోజూ ఏడింటికి."

"ఆపలేవా?"

"లైను ఆపాలంటే అర్జీ పెట్టినోడు ఆపాల. పటం ఆపాలంటే గోవిందయ్యన్నకు కారణం చెప్పాల. తలకొరివి పెట్టినాయనకు ఏం చెప్తాం?"

ఆ సాయంత్రం ఆమె మొగుడి ముందు కూర్చుంది. "మనకెందుకబ్బా ఈ కేబులు? వద్దను."

"పదేండ్లు తిరిగినాను మే ఆ ఆఫీసుల సుట్టూ. ఊరికే వద్దనమంటే అంటానా? కారణం చెప్పు, ఇప్పుడే ఆపిస్తా."

ఆయనకు చెప్పకూడనిది ఆ కారణమొక్కటే.

మిగిలిన రోజులు ఆమె బేరం కట్టుకుంటూ గడిపింది. రాగులు విసురుతూ ఒక మాట అనుకునేది. పేడ ఎత్తుతూ దాన్ని మార్చుకునేది. మరీ తగ్గిస్తే నిలవదు. ఎక్కువ చెబితే పోయింది తిరిగి రాదు. చెప్పేటప్పుడు నాలుక తడబడితే ఆ తడబడిందే ఖాయమవుతుంది. ఆ భయానికి నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

శనివారం ఆరున్నరకు వాళ్ల అరుగు మీద టీవీ పెట్టినారు. ఊరంతా వాకిట్లో చాపలు పరుచుకుంది. ధనంజయ స్టూలెక్కి వైరు బిగిస్తున్నాడు. వసంతమ్మ లోపలి నుంచి వచ్చి నులకమంచం వాల్చింది.

"దిగబ్బా. ఈడ కూర్చో. నీకొక మాట చెప్పాల."

వాకిట్లో సద్దణిగింది. ఆయన ఆమె ముఖం చూసినాడు, దిగి మంచం మీద కూర్చున్నాడు.

"ఆ బుధవారం నువ్వు జారలేదు. హైవే మీద లారీ గుద్దింది." ఆమె ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పింది. "నీ కుడికాలు పోయింది."

ధనంజయ తల వంచి కాళ్ల వైపు చూసుకున్నాడు.

"మోకాలికి పైనా, కిందా?"

"కింద."

"కాలే యాల మే? చెయ్యి చెప్పకూడదా?"

"చెయ్యి పోయినోడు కనుమెక్కుతాడు."

ఆయన తలెత్తినాడు. ఆమె ఎంతకు బేరమాడిందో, అసలు ధర ఎంతో ఆయనకు ఆ మాటతో తెలిసింది. పంచె సర్దుకుందామని చెయ్యి చాపినాడు. కుడివైపు మోకాలి కింద పంచె మంచానికి అంటుకుని చదునుగా పడి ఉంది. అప్పుడు నొప్పి వచ్చింది. ఆయన పళ్లు కరుచుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. వసంతమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది.

ఏడింటికి టీవీ వెలిగింది. నాలుగో వార్త తర్వాత పూలదండ మధ్యన ధనంజయ పటం వచ్చింది. ఆయన ఆత్మకు శాంతి కలగాలని లోకేశ్వరి చదివింది. వాకిలంతా మంచం వైపు తిరిగి చూసింది. ధనంజయ అట్లనే కూర్చుని ఉన్నాడు. పైనుంచి కింది దాకా ఒకసారి వణికినాడు, అంతే.

"ఆ ఫొటో గోవిందయ్యన్న కూతురి పెండ్లిలోది" అన్నాడు. "శబ్దం పెంచు చిన్నబ్బా. ధరలు చెప్తారు."

చక్రాల బండి మీద కూర్చుని ఆయన ఇప్పటికీ తోట చూసుకుంటున్నాడు. బండ వైపు మాత్రం పోడు. బజారు పని, బ్యాంకు పని వసంతమ్మదే. పోయేటప్పుడు ఆమె బండ కాడ ఆగి బొట్టు తుడుచుకుంటుంది, గాజులు తీసి కొంగున కట్టుకుంటుంది. అటువైపు వాళ్లు ఆమెతో మొగుడు పోయిన ఆడదానితో మాట్లాడినట్టే మెల్లగా మాట్లాడతారు. సాయంత్రం బండ కాడికి తిరిగి వచ్చి, కుంకుమ భరిణె తీసి, వెంటనే పెట్టుకోదు. ముందు బండ మీద నిలబడి కిందికి చూస్తుంది, తోటలో చక్రాల బండి కదిలేదాకా.